మిథిలీన్ బ్లూతో ఆరేళ్ళు

చెన్నైలోని ఒక ఆసుపత్రి పెథాలజీ విభాగంలో, ఫార్మలిన్ (కణజాలం చెడిపోకుండా ఉంచే ద్రవం) తగలకుండా తాజాగా అందిన ప్రతి పెద్దపేగు క్యాన్సర్ స్పెసిమెన్‌కూ, అంటే ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్కకూ, ఆరేళ్ళుగా మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఎక్కించాకే లింఫ్ నోడ్లు (క్యాన్సర్ పాకిందేమోనని చూసే చిన్న గ్రంథులు) వెతుకుతున్నాను. కనీసం 12 నోడ్లు చూడాలన్న నియమం పెథాలజిస్టులందరికీ తెలిసినదే. అంతకన్నా తక్కువ చూసి నోడ్లలో క్యాన్సర్ లేదని రాస్తే, మూడో దశలో (క్యాన్సర్ నోడ్లకు పాకిన దశలో) ఉన్న రోగిని రెండో దశగా లెక్కగట్టి, అవసరమైన కీమోథెరపీని దూరం చేసినవాళ్ళమవుతాము.

సర్జన్ కట్టిన ప్రధాన ధమనిని వెతికి, కాన్యులా (సన్నని గొట్టం) దూర్చి, సెలైన్‌తో పలుచన చేసిన రంగును 15 నుంచి 20 మిల్లీలీటర్ల దాకా నెమ్మదిగా ఎక్కిస్తాను. పేగు అంచున సన్నని నాళాలు నీలంగా తేలగానే ఆపి, రాత్రంతా ఫార్మలిన్‌లో ఉంచుతాను. మర్నాడు కొవ్వును పలుచగా కోసుకుంటూ పోతే, పసుపు రంగు కొవ్వు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల నోడ్లు కూడా నీలంగా కంటబడతాయి. వేళ్ళతో తడిమితే చేజారిపోయేవి ఇవే. రేడియేషన్ తరువాత తీసిన పురీషనాళంలో నోడ్లు కుంచించుకుపోయి ఉంటాయి కనుక, ఈ రంగు విలువ నాకు అక్కడే ఎక్కువగా తెలిసివచ్చింది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక రోగి స్పెసిమెన్‌లో క్యాన్సర్ పాకిన నోడ్ ఒక్కటే దొరికింది, అదీ మూడు మిల్లీమీటర్లది. రంగు లేకపోతే దాన్ని నేను దాటిపోయేదాన్నే.

ఇబ్బందులు లేకపోలేదు. అడ్డంగా తెగిన నాళాలు కూడా నీలంగానే కనిపిస్తాయి; మా టెక్నీషియన్ మొదట్లో ప్రతి ముక్కా చూపించి "మేడమ్, ఇది నోడేనంటారా?" అని అడిగేది. రంగు పట్టని నోడ్లూ ఉంటాయి కాబట్టి, చేత్తో తడమడం నేను ఒక్కరోజూ మానలేదు. స్లైడ్ల మీద మాత్రం ప్రభావం లేదు, ప్రాసెసింగ్‌లో ఆల్కహాల్‌కు రంగు పోతుంది.

అసలు చిక్కు ఆపరేషన్ థియేటర్‌లో ఉంది. పేగును నేరుగా ఫార్మలిన్ డబ్బాలో వేసి పంపితే ఈ పద్ధతి పనికిరాదు. అలాంటప్పుడు అసిటిక్ ఆమ్లం, ఇథనాల్, నీరు, ఫార్మాల్డిహైడ్ కలిపిన ద్రావణంలో కొవ్వును నానబెడతాను. నోడ్లు తెల్లగా తేలతాయి కానీ రిపోర్టు ఒక రోజు ఆలస్యమవుతుంది. అందుకే ఆపరేషన్ల జాబితాలో పెద్దపేగు కేసు ఉంటే ఆ ఉదయమే థియేటర్ నర్సుకు ఫోన్ చేసి, స్పెసిమెన్‌ను తాజాగానే పంపమనీ, ధమని మొదలు దగ్గర దారం ముడి వేసి గుర్తు పెట్టించమనీ చెబుతున్నాను.