పెట్టె మీద 5.1 అని ఉంటే సరౌండ్ వస్తుందని నమ్మకండి: నేను మోసపోయాను

హోమ్ థియేటర్ కొనాలని చూస్తున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను మొన్న ఆదివారం కొన్న సెట్టు గురించి ఇంకా కోపం చల్లారకుండానే రాస్తున్నాను. అమ్మినవారి పేరు చెప్పను; ఇలాంటి సెట్లూ, ఇలా అమ్మేవారూ మీకు తెలియనివారు కారు. పెట్టె మీద 5.1 అనీ, 10,000 వాట్లు అనీ పెద్ద అక్షరాలతో ఉంది. 5.1 అంటే ఐదు స్పీకర్లు, బాసు కోసం ఒక సబ్‌వూఫరు; ఒక్కోదానికీ దాని ధ్వని విడిగా అంది, శబ్దం మన చుట్టూ నుంచి వస్తేనే అది సరౌండ్. దుకాణంలో ఫోను నుంచి బ్లూటూత్ ద్వారా ఒక పాట వినిపించారు, ఆ బాసుకు మురిసిపోయి కొన్నాను.

బిగించడానికి వచ్చిన అబ్బాయి ఐదు స్పీకర్లనూ సబ్‌వూఫరునూ నేను చూపిన చోటే పెట్టాడు. మనం కూర్చునే చోటి నుంచి తెర వైపు సున్నా డిగ్రీలనుకుంటే, వెనుక స్పీకర్లు రెండు పక్కలా 110 డిగ్రీల ప్రాంతంలో ఉండాలని చదివి, ముందురోజు రాత్రే గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచాను. అతను టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఒక వైరు లాగి, ఆంప్లిఫయరు వెనుక ఎరుపు, తెలుపు పిన్నులకు తగిలించి, "అయిపోయింది సార్, ఇక్కడ ఒక సంతకం" అంటూ కాగితం ముందుకు చాపాడు. నేను పెట్టేశాను. ఒక్క నిమిషం ఆగి వినకుండా ఆ సంతకం ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను.

అతను వెళ్లాక సినిమా పెట్టాను. సోఫా చివర కూర్చున్న అమ్మ ఐదు నిమిషాలకే, "మనిషి తెర మీద మాట్లాడుతుంటే గొంతు నా వెనక నుంచి వస్తోందేమిట్రా?" అని అడిగింది. లేచి వెనుక స్పీకరుకు చెవి ఆనించి చూశాను. మధ్య స్పీకరులో వినిపించాల్సిన సంభాషణ అందులోనూ అచ్చంగా అదే వినిపిస్తోంది. స్పీకర్లను ఒక్కొక్కటిగా పలికించే పరీక్ష వీడియో ఒకటి పెట్టాను. "వెనుక ఎడమ" అన్న మాట ఎడమవైపు ముందు, వెనుక స్పీకర్లు రెండింటిలోనూ, మధ్య స్పీకరులోనూ వచ్చింది. "మధ్య" అన్న మాట ఐదింటిలోనూ మోగింది. హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చేది ఎడమ, కుడి అనే రెండు చానళ్ల ధ్వని మాత్రమే. టీవీ నుంచి డిజిటల్ ధ్వనిని తీసుకోవడానికి ఆంప్లిఫయరు వెనుక హెచ్‌డీఎంఐ పోర్టూ లేదు, ఆప్టికల్ పోర్టూ లేదు. ఆరు చానళ్లు విడివిడిగా లోపలికి వెళ్లే దారే లేనప్పుడు, ఆ సెట్టు చేయగలిగింది ఎడమను ఎడమవైపు వాటికీ, కుడిని కుడివైపు వాటికీ పంచి, రెండూ కలిపి మధ్యలో వినిపించడం ఒక్కటే.

దుకాణానికి ఫోను చేశాను. అమ్మే రోజున మాట మాటకీ "సార్" అని, కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చిన మనిషే ఫోను ఎత్తాడు. విషయం అంతా ఓపికగా విని చివరికి, "శబ్దం అన్ని వైపుల నుంచీ వస్తోందా, లేదా? అదే సరౌండ్. నీకు తెలియకపోతే మేమేం చేస్తాం? సంతకం పెట్టావుగా" అన్నాడు. నిన్నటి "మీరు" ఈరోజు "నీకు" అయిపోయింది. డబ్బు పోయినందుకంటే ఆ ఒక్క మాటకే నా మనసు ఎక్కువ విరిగింది. నెలల తరబడి కూడబెట్టుకుని, అమ్మకు సినిమా హాలులో కూర్చున్నట్టు అనిపించాలని కొన్న వస్తువది.

ఆ కోపంలోనే మధ్య స్పీకరు ముందున్న గుడ్డ తొడుగు ఊడదీశాను. పైనుంచి చూస్తే మూడు గుండ్రాలు కనిపిస్తాయి. గోటితో కొట్టి చూస్తే రెండు ఉత్త ప్లాస్టిక్ అచ్చులు, వాటి వెనుక ఏమీ లేదు. శబ్దం చేసేది ఒక్కటే. ఆంప్లిఫయరు అడుగున ఉన్న చిన్న స్టిక్కరు మీద అది తీసుకునే విద్యుత్తు 60 వాట్లని రాసి ఉంది. 60 వాట్లు తీసుకునేది 10,000 వాట్ల ధ్వనిని నిలకడగా ఎలా ఇస్తుంది? ఆ పెద్ద అంకె పీఎంపీఓ లెక్క, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి అంటూ పెంచి చూపే అంకె. చూడవలసింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగలిగే శక్తి.

కొనేవారు ముందు ఆంప్లిఫయరును వెనక్కి తిప్పి చూడండి: హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని ఆంప్లిఫయరుకు పంపే హెచ్‌డీఎంఐ పోర్టు), లేదా కనీసం ఆప్టికల్ పోర్టు ఉండాలి. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది కానీ, పై నుంచి కూడా శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ అట్మాస్ రాదు. బ్లూటూత్ పాట విని నిర్ణయించుకోకండి, అందులో వచ్చేది స్టీరియో, అంటే రెండు చానళ్ల ధ్వని మాత్రమే. స్పీకర్లు ఒక్కొక్కటిగా పలికే పరీక్షను దుకాణంలో ఒకసారి, ఇంట్లో బిగించాక మరోసారి చేయించండి. ప్రతి స్పీకరూ తన వంతు వచ్చినప్పుడే పలికిందని మీ చెవులతో విన్నాకే ఆ కాగితం మీద సంతకం పెట్టండి.