మత్సుయేకు ఒక్క పగలు చాలదు

సంక్రాంతి వెళ్లగానే రాజమండ్రి నుంచి బయలుదేరే ఒక జపాన్ ప్యాకేజీ యాత్రలో మత్సుయే అనే కోటనగరానికి ఒక పగలు కేటాయిస్తారు. క్యోటో, ఒసాకాల గురించి మనవాళ్లు ఇప్పటికే చాలా రాశారు కనుక ఈ సమీక్షను ఆ ఒక్క పగటికే పరిమితం చేస్తున్నాను. సంస్థ పేరు రాయను. ఊరిని ఎంచుకున్నందుకు వారిని మెచ్చుకోవాలి, ఆ ఊరికి వారిచ్చిన సమయాన్ని మాత్రం మెచ్చుకోలేను.

ఒకయామా వరకు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో వెళ్లి, అక్కడ యాకుమో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కొండల నడుమ సుమారు రెండున్నర గంటలు ప్రయాణిస్తే మత్సుయే వస్తుంది. ఇది జపాన్ సముద్రం వైపున్న షిమానే ప్రిఫెక్చర్‌కు, అంటే మన రాష్ట్రంలాంటి పాలనా విభాగానికి, రాజధాని. ఊరికి పడమట దాదాపు 79 చదరపు కిలోమీటర్ల షింజి సరస్సు, తూర్పున నకౌమి సరస్సు ఉన్నాయి. ఆ రెంటినీ కలిపే ఒహాషి నది ఊరిని ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలుస్తుంది. సముద్రపు నీరు నకౌమి మీదుగా ఆ నదిలోకి ఎగదన్నడం వల్ల షింజి నీరు పూర్తిగా తీపీ కాదు, పూర్తిగా ఉప్పూ కాదు. కొల్లేటికి ఉప్పుటేరు ఎలాగో షింజికి ఒహాషి అలాగ అని చెబితే మన ప్రాంతం వారికి సగం భూగోళం అర్థమైపోతుంది. స్థానిక గైడు ఇదంతా ఇంగ్లీషులో ఓపికగా వివరించగా, దాన్ని తెలుగులో చెప్పవలసిన మా టూర్ మేనేజరు గారు, 'రెండు చెరువులున్నాయండి, మధ్యలో ఏరుందండి, ఫొటోలు తీసుకోండి' అని ముగించారు.

కోట చరిత్రను కూడా ఈ నీటితోనే మొదలుపెట్టాలి. 1600లో జపాన్ అధికారాన్ని తేల్చిన సెకిగహారా యుద్ధం ముగిశాక ఈ వైపున్న ఇజుమో, ఒకి ప్రాంతాలు హోరియో వంశం చేతికి వచ్చాయి. వారు మొదట గస్సన్ తోదా అనే కొండకోటలో ఉన్నారు. యుద్ధాల కాలంలో అది మంచి చోటే గాని, పడవల రాకపోకలకూ వర్తకానికీ ఊరు విస్తరించడానికీ అనువు కాదు. అందువల్ల హోరియో యొషిహారు సరస్సు దాపునున్న కమెదా గుట్టను ఎంచుకుని, 1607లో పని మొదలుపెట్టించగా 1611 నాటికి కోట నిలిచింది. గుట్టకు ఉత్తరాన ఉన్న కొండను కోసి కందకం తవ్వారు. ఆ మట్టితోనే చుట్టూ ఉన్న చిత్తడి నేలను మెరక చేసి సమురాయ్‌లకు ఇళ్ల స్థలాలు ఇచ్చారు. 1638 నుంచి 1871 వరకు ఇక్కడ పాలించినది మత్సుదైర వంశం. ఆ వంశంలో మొదటి ప్రభువు నవొమాసా, జపాన్‌ను ఏలిన షోగన్ (సైనిక పాలకుడు) తొకుగావా ఇయెయసుకు మనుమడు.

రోజు మొత్తంలో పెట్టిన డబ్బుకు తగినది కందకంలో పడవ ప్రయాణం. 1997లో మొదలైన ఈ పడవలు కోట చుట్టూ సుమారు 3.7 కిలోమీటర్లు, దాదాపు యాభై నిమిషాలు తిప్పుతాయి. చెప్పులు విడిచి ఎక్కాలి. చలికాలంలో పడవ మధ్యన కొతాత్సు, అంటే కింద వెచ్చదనం ఉండి పైన బొంత కప్పిన పొట్టి బల్ల, ఉంటుంది. కాళ్లు దాని కిందికి జాపుకుని కూర్చోవాలి. దారిలో నాలుగు వంతెనలు మరీ కిందికి ఉంటాయి. అవి దగ్గరపడగానే పడవ నడిపే ఆయన హెచ్చరించి పైకప్పును కిందికి దించుతారు. అందరూ నడుము వంచి, గడ్డం బొంతకు ఆనేంతగా ఒదిగిపోతే, వంతెన అడుగుభాగం తల మీదుగా చేతికందేంత దగ్గరగా సాగిపోతుంది. మా పక్కన కూర్చున్న పాలకొల్లు పెద్దావిడ మొదటిసారి నవ్వుతూ వంగారు, మూడోసారికి 'ఇంకా ఎన్ని వంతెన్లున్నాయమ్మా?' అని అడిగారు. నడుం నొప్పి ఉన్నవారికి ఈ సంగతి ముందే చెప్పవలసిన బాధ్యత సంస్థది. మా వాళ్లు చెప్పలేదు.

పడవలోంచి చూస్తేనే ఈ ఊరి అమరిక తెలుస్తుంది. ఒకవైపు రాతి గోడలు, వాటి మీదికి ఒరిగిన చెట్లు. మరోవైపు షియొమి నవాతే అనే వీధి, దాని వెంబడి పాత పైన్ చెట్లు, సమురాయ్ ఇళ్లు. 1890 ఆగస్టులో ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి వచ్చి, ఇక్కడి సమురాయ్ కుటుంబపు అమ్మాయి సెత్సును పెళ్లాడి, కొయిజుమి యాకుమో అనే పేరుతో జపాను దేశస్థుడైపోయిన రచయిత లాఫ్కాడియో హెర్న్ కొన్ని నెలలు ఉన్న ఇల్లు కూడా ఆ వీధిలోనే ఉంది. మాకు దాన్ని నీటి మీది నుంచే చూపించారు.

కోట ప్రధాన కట్టడం దాదాపు 30 మీటర్ల ఎత్తున, నల్లటి చెక్క పలకలు తొడిగిన గోడలతో ఉంటుంది. పాతకాలం నుంచి అలాగే నిలిచిన ఇలాంటి కోట కట్టడాలు జపాన్‌లో పన్నెండే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. 1875లో దీన్ని 180 యెన్‌లకు వేలంలో అమ్మేస్తే, స్థానికులైన కత్సుబే మొతొయెమోన్, తకాగి గొంపచి డబ్బు సమకూర్చి నిలబెట్టుకున్నారు. చుట్టూ ఉన్న మిగతా కట్టడాలన్నీ పోయాయి. 2012లో దొరికిన ప్రార్థనా ఫలకాల మీద 1611కు సరిపోయే తేదీ ఉండడం, వాటి మేకుల రంధ్రాలు లోపలి స్తంభాల మీది గుర్తులతో కలవడం వల్ల నిర్మాణ కాలం రుజువై, 2015లో దీనికి జాతీయ నిధి హోదా దక్కింది. లోపల స్తంభాలకు నాలుగు వైపులా పలకలు చేర్చి ఇనుప పట్టీలతో బిగించిన తీరు, నేలమాళిగలోని బావి తప్పక చూడాలి. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, జనవరిలో ఆ చెక్క నేల మేజోళ్లలోంచి కూడా చల్లగా తగులుతుంది. మాకిచ్చిన నలభై నిమిషాలు ఎక్కి దిగడానికే సరిపోయాయి.

మధ్యాహ్న భోజనంలో షింజి సరస్సులో దొరికే షిజిమి అనే చిన్న గుల్లలతో చేసిన మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ ఇచ్చారు. ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో పనిచేసి రిటైరైన ఇంజనీరు గారు ఒకరు మా బృందంలో ఉన్నారు. 'ఉప్పునీరు పైకి రాకుండా లాకులు కట్టలేదా?' అని ఆయన అడిగాక గైడుకు నిజంగా ఉత్సాహం వచ్చింది. 1963లో ప్రభుత్వం నకౌమిలో కొంత భాగాన్ని పూడ్చి, రెండు సరస్సులనూ మంచినీటి సరస్సులుగా మార్చి సాగునీరు ఇవ్వాలని పథకం మొదలుపెట్టిందట. గుల్లలు చచ్చిపోతాయని, నీరు పాడవుతుందని జాలర్లు, ఊరివారు ఎదురుతిరగగా, 1988లో మంచినీటి పనిని ఆపి, 2002లో పూర్తిగా విరమించారు. 1972 వరదలో సరస్సు పొంగి ఊరు మునగడం, ఎగువన ఇనుప ఇసుక తవ్వకాల మట్టితో షింజిలో కలిసే హీ నది గర్భం మెరకెక్కడం, ఆ నది వరదను కందో నది మీదుగా సముద్రానికి మళ్లించే కాలువ 2013లో పూర్తికావడం గైడు వరసగా చెప్పుకొచ్చారు. ఇంజనీరు గారే తెలుగులో చెప్పారు. మేనేజరు గారు అప్పటికే బస్సు దగ్గరున్నారు. ఏటిగట్ల మధ్య, మురుగు కాలువల పక్కన బతికే మనకు కోటకన్నా ఈ కథే ముఖ్యం. దాన్ని చూపించే సరస్సు ఒడ్డు కార్యక్రమంలోనే లేదు.

కరపత్రంలో వేసిన షింజి సూర్యాస్తమయం కూడా మాకు దొరకలేదు. ఆ తీరంలో చలికాలపు ఆకాశం మబ్బుపట్టే ఉంటుంది. అన్నం మూట మరిచినా గొడుగు మరవకు అనే సామెత అక్కడిదే. జనవరి యాత్రకు ఆ బొమ్మ వేయడం సబబు కాదు. ఏడో మత్సుదైర ప్రభువు ఫుమై తేనీటి విద్యలో ఆరితేరినవాడు. ఆయన అభిరుచితో 1779లో కట్టిన మెయిమెయి-ఆన్ కుటీరాన్నీ, ఊరికి పేరు తెచ్చిన వకకుసా మిఠాయినీ విడిగా డబ్బు చెల్లించి చూడాల్సి వచ్చింది. ఆ ఖర్చుకు నాకు బాధ లేదు.

అయిదింటికి మూడు ఇస్తాను, అందులో రెండు పడవకు. వెళ్లదలచినవారు మత్సుయేలో ఒక రాత్రి బస అడగండి, వీలైతే యాత్రను ఏప్రిల్ నెలకు మార్చమనండి. పదేళ్లకోసారి సుమారు వంద పడవలతో జరిగే హోరన్ ఎన్య ఉత్సవం గత పర్యాయం 2019లో జరిగింది, తరువాతది 2029లో రావాలి. ఆ ఏడాదికి ఎవరైనా ప్యాకేజీ వేస్తే చూడదగినది. శాకాహారులు మిసో సూప్ నీళ్లలో కూడా చేపల రసం ఉంటుందని గుర్తుంచుకుని, బుకింగ్ నాడే చెప్పి రాయించుకోవాలి.