రేజర్ కొంటున్నారా? డబ్బా మీది గ్యాప్ నంబరు నమ్మబాకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఆన్‌లైన్‌లో చవకగా సేఫ్టీ రేజర్ తెప్పించుకుంటున్న వాళ్లకి ఒక హెచ్చరిక. ‘మైల్డ్, కొత్తవాళ్లకి అనుకూలం, బ్లేడ్ గ్యాప్ 0.6’ అని రాసి పంపుతున్న మూడు ముక్కల (పై మూత, బ్లేడు కిందుండే బేస్ ప్లేట్, పిడి) రేజర్లలో కొన్నిటిని కొలిస్తే ఒక అంచున 0.55, రెండో అంచున 0.9 మిల్లీమీటర్లు వస్తోంది. మొదటి అంచుతో నాలుగు గీతలు హాయిగా పడతాయి. నురగ నిండిందని రేజర్ తిప్పి రెండో అంచు పెట్టగానే గొంతు కింద కోసుకుంటుంది. కొన్నవాడు తన చెయ్యే కుదర్లేదనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. అసలు సంగతి తెలిశాక అమ్మినవాడిని అడిగితే, ‘వాడేశారు కదా, శుభ్రత కారణంగా వాపసు తీసుకోం’ అనే జవాబొస్తుంది. అందుకే పార్సిల్ విప్పిన రోజే, రేజర్‌ని గడ్డం మీద పెట్టకముందే కొలవాలి.

బ్లేడు అంచుకీ దాని కిందుండే సేఫ్టీ బార్‌కీ (బేస్ ప్లేట్ అంచు) మధ్య ఖాళీయే గ్యాప్. కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి, అంటే మందం అంకె చెక్కిన సన్నటి ఉక్కు రేకుల కట్ట. బైకు ఇంజన్ వాల్వ్ క్లియరెన్స్ సెట్ చేసే ఏ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది, అడిగితే పది నిమిషాలు ఇస్తాడు. నూనె తుడిచి వాడుకోండి. రేజర్‌లో బ్లేడు వేసి పిడి పూర్తిగా బిగించండి. ఉక్కు రేకు తగిలితే బ్లేడు పదును పోతుంది కాబట్టి కొలతకి వాడిన బ్లేడు ముఖానికి పనికిరాదు, విడిగా ఒకటి కేటాయించండి. 0.40 రేకుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవాలి. బ్లేడు అంచుని పైకి లేపకుండా దూరే ఆఖరి రేకే మీ గ్యాప్. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరే, ఇట్టే వంగుతుంది. బలవంతంగా తోస్తే 0.6 ఉన్నదాంట్లో 0.75 కూడా దూరిపోతుంది, లెక్కంతా తప్పుతుంది. ప్రతి అంచుకీ ఎడమ కొస, మధ్య, కుడి కొస మూడు చోట్ల చూడండి, రెండు అంచులకి ఆరు కొలతలు. వాటి మధ్య తేడా 0.05 దాకా ఉంటే పరవాలేదు. 0.1 దాటితే ఉంచుకోబాకండి.

గేజ్ దొరక్కపోతే జిరాక్సు కాగితం పనికొస్తుంది. మామూలు ఏ4 కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఐదు పొరలు దూరి ఆరు దూరకపోతే గ్యాప్ 0.5 చుట్టుపక్కల ఉన్నట్టు. కాగితం నలుగుతుంది గనక ఖచ్చితమైన కొలత రాదు, కానీ ఒకవైపు ఐదు పొరలు, రెండో వైపు తొమ్మిది పడితే ఇంక వాదనకేముంది?

తేడా కనపడగానే రేజర్ మీదికి పోకుండా ముందు బ్లేడుని అనుమానించండి. బ్లేడు విప్పి 180 డిగ్రీలు తిప్పి వేసి మళ్లీ కొలవండి. తేడా బ్లేడుతో పాటు రెండో వైపుకి మారితే లోపం బ్లేడుది, ఇంకోటి వేసి చూడండి. మారకుండా అక్కడే ఉంటే రేజర్‌దే. అప్పుడు బేస్ ప్లేట్ ఒక్కదాన్నే తిప్పి బిగించండి. తేడా ప్లేట్‌తో పాటు తిరిగితే ప్లేట్ పోత వంకర, పై మూతతో నిలిచిపోతే మూత అడుగున బ్లేడుని పట్టుకునే బొడిపెలు నడిమికి లేవు. బిగించడంలో కూడా ఒక మెలకువ ఉంది. రేజర్ తల్లకిందులుగా పట్టుకుని, బ్లేడు పొట్టి కొసల దగ్గర మూతనీ ప్లేట్‌నీ వేళ్లతో నొక్కిపెట్టి పిడి తిప్పాలి. లేకపోతే బొడిపెల చుట్టూ ఉండే కాస్త సందులో బ్లేడు పక్కకి జరిగి, మంచి రేజర్ కూడా వంకరగా కనిపిస్తుంది.

‘అడ్జస్టబుల్’ అని, గ్యాప్ మార్చుకునే డయల్ ఉన్న రకాలకి ఇంకో పరీక్ష. డయల్ 3 మీద పెట్టి కొలవండి, రేజర్ తలని సింక్ అంచుకి మెల్లగా నాలుగుసార్లు తట్టి మళ్లీ కొలవండి. గ్యాప్ మారిందంటే గీసుకునేటప్పుడు కూడా మారుతుంది.

ఇక్కడ అమ్మేవాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. గ్యాప్ ఒక్కటే రేజర్ కరుకుదనాన్ని తేల్చదు. 0.7 ఉన్న రెండు రేజర్లలో ఒకటి మెత్తగా, ఇంకోటి కసిగా గీస్తుంది. మూత అంచునీ సేఫ్టీ బార్‌నీ కలిపే ఊహారేఖకి బ్లేడు ఎంత బయటికి పొడుచుకొచ్చిందనేదీ లెక్కలోకొస్తుంది, దాన్నే ఎక్స్‌పోజర్ అంటారు. పాత ఏటీఎం కార్డు ఒకటి తీసుకుని, దాని పక్క అంచు మూతకీ బార్‌కీ ఒకేసారి ఆనేలా పెట్టి కిటికీ వెలుతుర్లో చూడండి. కార్డుకీ బ్లేడుకీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపిస్తే బ్లేడు లోపలికే ఉన్నట్టు, కొత్తవాళ్లకి అదే మేలు. కార్డు బ్లేడుకి తగిలి బార్‌కి ఆనకపోతే బ్లేడు బయటికి ఉన్నట్టు. అలాంటిది 0.5 గ్యాప్‌తో కూడా కోస్తుంది. ఇంకా, మూత బ్లేడుని అంచుకి దగ్గరగా నొక్కి పట్టుకోవాలి. దూరంగా పట్టుకుంటే ముతక గడ్డం మీద బ్లేడు అదిరి టకటకమంటుంది. ఆ అదురుకి మంట పుడుతుంది.

ఎవరికెంత అంటే, రోజూ లేదా రోజు మార్చి రోజు గీసుకునేవాళ్లకి, మొదటిసారి పట్టేవాళ్లకి 0.5 నుంచి 0.65. మూడు నాలుగు రోజులకోసారి గీసుకునే ముతక గడ్డానికి 0.7 నుంచి 0.85. 0.9 దాటినవి చెయ్యి బాగా తిరిగినవాళ్లకే. గ్యాప్ పెరిగే కొద్దీ సందులోకి చర్మం ఎక్కువ ఉబుకుతుంది, అందుకే ఏమాత్రం నొక్కినా తెగుతుంది. మరీ తక్కువైతే సందులో వెంట్రుకలు ఇరుక్కుపోయి, ఒకే చోట పదిసార్లు లాగాల్సొస్తుంది. దానివల్ల వచ్చే మంటని చూసి ‘గ్యాప్ ఎక్కువైంది’ అని తిరగేసి అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. అయ్యప్ప మాల తీశాక నలభై రోజుల గడ్డాన్ని నేరుగా రేజర్‌తో లాగబాకండి, ఏ గ్యాప్‌కీ అది లొంగదు. ముందు ట్రిమ్మర్‌తో రెండు మిల్లీమీటర్లకి దించండి.

తక్కువ గ్యాప్ ఉన్నదాన్ని కాస్త కరుకు చేసుకోవచ్చు, పదునైన బ్లేడు వేస్తే సరిపోతుంది. మెత్తటి రేజర్‌లో ఫెదర్ కంపెనీది లాంటి పదును బ్లేడు బాగా కుదురుతుంది. డయల్ లేని రేజర్‌లో ఎక్కువ గ్యాప్‌ని తగ్గించే దారి మాత్రం లేదు. అనుమానంలో ఉంటే తక్కువది తీసుకోండి. కొందరు ‘పిడి అరచుట్టు వదులు చేస్తే గ్యాప్ పెరుగుతుంది’ అని సలహా ఇస్తున్నారు. మూడు ముక్కల రేజర్‌లో అలా చేస్తే బ్లేడు మీద పట్టే పోతుంది. ఆ పని చెయ్యబాకండి.

రెండో మోసం లోహం దగ్గర. ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని రాసి, జింకు పోత మీద క్రోమియం పూత వేసింది పంపుతారు. పూత లేచిన చోట, ముఖ్యంగా తీరం వైపు ఉప్పు గాలికి, లోపలి జింకు తెల్లగా పొడిపొడిగా తినేసుకుపోతుంది. మూత మధ్యలోని మర కాడ ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. అయస్కాంతం పెట్టి తేల్చుకోవాలని చూడబాకండి, జింకుకీ ఇత్తడికీ అంటదు, రేజర్లకి వాడే మంచి స్టీలుకీ దాదాపు అంటదు. బంగారప్పని చేసేవాళ్ల దగ్గర గ్రాములో వందో వంతు చూపించే కాటా ఉంటుంది. పై మూతని తూచి బరువు రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, మూతని దారంతో వేలాడదీసి నీళ్లలో పూర్తిగా ముంచండి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. అప్పుడు చూపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. 26.6 గ్రాముల మూతకి నీళ్లలో 4.0 చూపిస్తే 6.65 వస్తుంది, అది జింకు పోత. స్టీలైతే 8కి దగ్గరగా, ఇత్తడైతే 8.5కి దగ్గరగా, అల్యూమినియమైతే 2.7 వస్తుంది. జింకు రేజర్ చెడ్డదని కాదు, పూత ఉన్నన్నాళ్లు చక్కగానే గీస్తుంది. జింకుకి స్టీలు ధర పెట్టడమే దండగ.

కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా మంట పుడుతుంటే ఇక చూడాల్సింది చెయ్యీ, నీళ్లూ. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లకి సబ్బు నురగ కట్టదు, విరిగిపోయి తెట్టులా తేలుతుంది. ఆ తెట్టు మీద బ్లేడు జారదు. గడ్డానికి ఒక్క మగ్గు క్యాన్ నీళ్లు వాడి చూడండి. స్నానమయ్యాక, గడ్డం రెండు మూడు నిమిషాలు తడిసి మెత్తబడ్డాక మొదలుపెట్టండి. మూత మాత్రమే తగిలేలా పిడిని చెంపకి నిటారుగా ఆనించి, చిన్నగా లాగుతూ పిడిని కిందికి దించండి. వెంట్రుక తెగే చప్పుడు మొదలైన చోటే మీ కోణం, బ్లేడుకీ చర్మానికీ మధ్య దాదాపు 30 డిగ్రీలు. ఫ్యాన్ ఆపితేనే ఆ చప్పుడు వినపడుతుంది. ఒక్కో గీత అంగుళం మించకూడదు. రేజర్ బరువే చాలు, నొక్కేది మల్టీ బ్లేడ్ కాట్రిడ్జ్‌ల అలవాటు. రెండు రోజుల గడ్డం మీద చెయ్యి రాసి వెంట్రుక వాలు ఎటుందో ముందే చూసుకోండి. గొంతు మీద అది చాలామందికి పక్కకో పైకో ఉంటుంది, పై నుంచి కిందికి లాగితే అక్కడ వాలుకి అడ్డంగానో ఎదురుగానో గీసినట్టే. మొదటి రెండు వారాలు వాలుకే గీయండి. చివర్లో తడి పటిక రాస్తే ఎక్కడ చురుక్కుమందో అక్కడ ఎక్కువ నొక్కారని తెలిసిపోతుంది.

వాపసుకి వచ్చేసరికి, పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యండి. ఫీలర్ గేజ్ రేకు మీది అంకె కనపడేలా, అది దూరి ఉండగా రెండు అంచులవీ ఫొటోలు తియ్యండి. అమ్మకం పేజీలో గ్యాప్, లోహం గురించి రాసిన చోట స్క్రీన్‌షాట్ ఆ రోజే తీసి పెట్టుకోండి, తర్వాత ఆ వాక్యాలు మారిపోతాయి. డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్నాయేమో చూడండి, దిగుమతి సరుకైతే ఏ దేశందో కూడా ఉండాలి. ఇవి లేకపోతే అదే విడిగా తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చెయ్యదగ్గ విషయం. గడువులోపు వాపసు తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఆర్డర్ నంబరు, బిల్లు, అమ్మినవాడి జవాబు దగ్గర పెట్టుకోండి.