పోర్ట్‌ఫోలియో షూట్‌కు డబ్బు కట్టేవారు సంతకం పెట్టే ముందు ఇది చదవండి

ఆ స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు. కడపలోనూ ప్రొద్దుటూరులోనూ చీరల దుకాణాలకు, నగల దుకాణాలకు ఫొటోలు దిగే ఆడపిల్లలకు నేను ఎవరి గురించి చెబుతున్నానో పేరు రాయకుండానే అర్థమవుతుంది. శనివారం జరిగిన విషయం ఇది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కనుక ఎక్కడైనా మాట తడబడితే మన్నించండి.

ఏడాదిన్నరగా నేను పనులు ఇప్పించే ఏ ఏజెన్సీ లేకుండా సొంతంగా మోడలింగ్ చేస్తున్నాను. హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి ఉండే వీలు మా ఇంట్లో లేదు. ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం ఉన్నంతకాలం ఇక్కడే పని దొరుకుతుందని నమ్మాను, దొరికింది కూడా. పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే ఒక అక్క దగ్గర మోడల్‌గా కూర్చోవడంతో మొదలై, రోజుకు 6,000 రూపాయలు ఇచ్చే చీరల షూట్ల దాకా వచ్చాను. ఇంకొంచెం ఎదగాలంటే పని ఇచ్చేవారికి చూపించే మంచి ఫొటోల కట్ట, అదే పోర్ట్‌ఫోలియో, ఉండాలనుకుని, రెండు నెలల కిందట 25,000 రూపాయల ప్యాకేజీకి ఒప్పుకున్నాను. అందులో 18,000 ముందుగానే ఫోన్‌లో పంపాను. రసీదు అడగలేదు.

షూట్ గండికోటలో. అక్కడ ఎండ ముదిరితే ముఖం మీద నీడలు గట్టిగా పడతాయని, తెల్లవారకముందే జమ్మలమడుగులో ఒక గదిలో మేకప్ మొదలుపెట్టారు. అతికించిన కనురెప్పల వెంట్రుకల జిగురు ఆరేదాకా కళ్లు తెరవవద్దని మేకప్ అమ్మాయి చెప్పిన సమయంలోనే, స్టూడియోలో పనిచేసే అబ్బాయి అట్టకు తగిలించిన కాగితాలు నా ఒడిలో పెట్టి, "ఏం లేదక్కా, కోట దగ్గర ఎవరన్నా అడిగితే చూపించేదానికి" అన్నాడు. ఒక కన్ను సగం తెరిచి, అతను వేలు పెట్టిన చోట సంతకం చేశాను. ఇంగ్లీషులో రెండు పేజీలు ఉన్నాయి. డిగ్రీ చదివిన దాన్ని, ఒక్క నిమిషం ఆగమని అనలేకపోయాను. ఆ ఒక్క నిమిషం గురించి మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

నలభై ఫొటోలు ఇస్తామన్నవారు పదకొండు ఇచ్చారు. వాటి మీద కూడా అడ్డంగా స్టూడియో పేరు ఉంది. అంతటితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

పోయిన గురువారం ప్రొద్దుటూరు వెళ్లిన మా అమ్మ బస్సు దిగగానే ఫోన్ చేసి, "నీ బొమ్మ అంత పెద్దది పెట్టినారు, నాకు చెప్పనేలేదే" అంది. ఆమె గొంతులో అంత సంతోషం నేను చాలా రోజుల తర్వాత విన్నాను. ఆమె పంపిన ఫొటో చూస్తే అది ఒక బట్టల దుకాణం ఫ్లెక్సీ. ఆ దుకాణంలో నేను ఏనాడూ పని చేయలేదు. కొత్త సరుకు వచ్చిందని రాసి, పక్కన గండికోటలో నేను దిగిన ఫొటో వేశారు. నేను కట్టుకున్నది మా పెద్దమ్మ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర. కొంగు దగ్గర చిన్న చిరుగు ఉంటే కనబడకుండా పిన్నీసు పెట్టుకున్నాను. ఫ్లెక్సీలో ఆ పిన్నీసు మెరుస్తూ కనబడుతోంది.

శనివారం అమ్మతో కలిసి స్టూడియోకు వెళ్లాను. యజమాని లేచి నిలబడలేదు, కూర్చోమని కూడా అనలేదు. ఫైలు తీసి నా సంతకం ఉన్న పేజీ బల్ల మీద పెట్టి, "ఇది నీ సంతకమే కదా" అన్నాడు. తర్వాత నన్ను వదిలేసి అమ్మతో మాట్లాడాడు. "ఏజెన్సీ ఉండే పిల్లోళ్లయితే అన్నీ ముందే మాట్లాడుకుంటారమ్మా. మీ పాపకు ఎవరున్నారు? ఊర్లో ఫ్లెక్సీ పడింది, దానికి లెక్క నేనే అడగాల. మిగతా ఏడు వేలు కడితే పేరు తీసేసి ఫొటోలిస్తా." అక్కడ ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్లూ వింటున్నారు. అమ్మ నా వైపు చూడకుండా సంచిలోంచి పర్సు తీసింది. డబ్బు ఇచ్చేస్తే ఫొటోలైనా దక్కుతాయని అనుకుంది. అతను చేయి చాచాడు. నేను అమ్మ చేయి పట్టుకుని బయటికి తీసుకువచ్చాను. ఆ చాచిన చేయి నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

ఆ రాత్రే మా చిన్నాన్న కొడుకు, వకీలుగా ఉన్న అన్నయ్య, విషయం విడమరిచి చెప్పాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి మనం తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు మనదే, తీసినవాడిది కాదు. అయితే వేరే ఒప్పందం లేనప్పుడే ఆ మాట వర్తిస్తుంది. చట్టం నాకిచ్చిన హక్కును నేను కళ్లు మూసుకుని చేసిన సంతకంతో రాసిచ్చేశాను. అబద్ధం చెప్పి తీసుకున్న సమ్మతిని రద్దు చేయించుకునే దారి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఉందట, కానీ ఆ అబద్ధాన్ని రుజువు చేయవలసింది నేనే. ఆ మేకప్ అమ్మాయి సాక్ష్యం చెబుతుందో లేదో తెలియదు.

నష్టం అక్కడితో పోలేదు. పండగ సీజన్‌కు మూడు రోజుల షూట్ మాట్లాడుకున్న ఇంకో చీరల దుకాణంవారు ఫ్లెక్సీ చూసి, పోటీ దుకాణంలో కనబడిన ముఖం తమకు వద్దని ఆదివారం ఫోన్ చేసి చెప్పారు. వాళ్ల తప్పేమీ లేదు. ఫొటో ఎక్కడ వాడతారు, ఎన్ని నెలలు వాడతారు, ఆ కాలంలో పోటీవారికి పని చేయవచ్చా అన్నవి ఏజెన్సీ ఉంటే కమిషన్ తీసుకుని మన తరఫున రాయించి పెడుతుంది. ఏజెన్సీ లేని మనం ఆ కమిషన్ మిగిలిందని సంతోషిస్తాం కానీ, కాగితం చదివే పని కూడా మనమీదే పడిందని గుర్తుపెట్టుకోము.

నాకు ఇప్పటివరకు వచ్చిన మంచి పనులన్నీ మిద్దె మీద తెల్లగోడ ముందు, మేకప్ లేకుండా, మా చెల్లెలు ఫోన్‌తో తీసిన ఆరు ఫొటోలు చూసి వచ్చినవే. అది తెలిసీ 18,000 పోసినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

మీరు షూట్‌కు వెళ్తుంటే కాగితాలను ముందు రోజే ఫోన్‌కు పంపమనండి, పంపకపోతే వెళ్లకండి. అడ్వాన్స్ సగం దాటనివ్వకండి. మీ ఫొటోలు మూడో మనిషికి ఇవ్వాలంటే మీ రాతపూర్వక అనుమతి కావాలని తెలుగులోనే ఒక వాక్యం రాయించుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నేను ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, మనం కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు చేయవచ్చని కూడా అన్నయ్య చెప్పాడు. ఆ అట్ట మీద కాగితాలకు సంతకం పెట్టినవారు మీలో ఎవరైనా ఉంటే, డబ్బు పంపిన వివరాలు, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకుండా దాచి, ఈ వారంలో నాకు మెసేజ్ పెట్టండి. సోమవారం నేను ఆ కాగితం నకలు రాతపూర్వకంగా అడగడానికి మళ్లీ స్టూడియోకు వెళ్తున్నాను, ఈసారి అన్నయ్య కూడా వస్తున్నాడు.