డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి రెటీనా స్కాన్: ఫోటోకి మంచి మార్కులు, రిపోర్టులో చివరి లైనుకి సున్నా

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక కంటి క్లినిక్ రెటీనా ప్యాకేజీ గురించి ఇది. పేరు అనవసరం, ఇలాంటి ప్యాకేజీ ఇంకెక్కడ చేయించినా చూసుకోవాల్సినవి ఇవే. ఇందులో రంగుల రెటీనా ఫోటో, ఓసీటీ యాంజియోగ్రఫీ ఉంటాయి. రెండోదానికి సూది లేదు, రంగు మందు ఎక్కించరు. రక్తం కదలికని పట్టి సన్నటి నాళాల బొమ్మని మిషనే గీస్తుంది. పరగడుపున రానక్కర్లేదు.

ముందు టెక్నీషియన్‌ని మెచ్చుకోవాలి. గడ్డం స్టాండు మీద ఆనించడానికి వెనక నుంచి తల నెట్టలేదు. కుర్చీ ఎత్తు సరిచేసి, మిషన్నే మనిషి దగ్గరికి జరిపింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడలో పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, అక్కడ బలవంతం పనికిరాదు. ఫ్లాష్ లేని ఓసీటీ ముందు తీసి, ఫ్లాష్ ఫోటో చివర్లో పెట్టడం కూడా తెలివైన పని. ఒకసారి ఫ్లాష్‌కి ఉలిక్కిపడ్డ మనిషిని మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టడం బ్రహ్మతరం కాదు.

కంటిపాపని పెద్దది చేయడానికి వేసే చుక్కల దగ్గర మాత్రం మీరే నోరు తెరవాలి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్లలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కలు బీపీ పెంచొచ్చు కాబట్టి గుండె సంగతి ముందే చెప్పి, ట్రోపికామైడ్ ఒక్కటే సరిపోతుందేమో అడగండి. కంటిపాప పెద్దదవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తర్వాత కొన్ని గంటలు వెలుతురు చూడలేరు. బందరు రోడ్డు ఎండలో బైకు వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. నల్లద్దాలు పెట్టి ఆటో ఎక్కించండి.

బొమ్మ ఎందుకు చెడుతుందంటే, కన్ను కదిలితే అడ్డంగా గీతలు పడతాయి. కనుగుడ్లు వాటంతటవే అటూఇటూ ఊగేవాళ్లకి ఇది మామూలే. శుక్లం ఉన్నా, నల్లగుడ్డు కోన్‌లా ముందుకొచ్చినా వెలుతురు సరిగా లోపలికి పోదు, అప్పుడు ఉన్న నాళాలే లేనట్టు కనిపిస్తాయి. ప్రింటు మీద సిగ్నల్ అంకె చూడండి: 10కి మార్కులిచ్చే మిషన్ అయితే, 7 కంటే తక్కువ వచ్చినప్పుడు ఆ లెక్కల్ని నమ్మకుండా మళ్లీ తీయమనండి. తీసేముందు కృత్రిమ కన్నీళ్ల చుక్క ఒకటి వేస్తే చాలాసార్లు తేడా తెలుస్తుంది.

ఇక రిపోర్టులో ఆ చివరి లైను: "నాళాల్లో మార్పులు, డిమెన్షియా రిస్కు ఎక్కువ." అంటే మతిమరుపు జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువని. దీనికోసం అదనంగా డబ్బు కట్టకండి. డౌన్ సిండ్రోమ్‌లో కంటి నరం అంచు దగ్గర నాళాలు ముందే చీలి, బండి చక్రం ఆకుల్లా ఎక్కువగా కనిపించడం చాలామందిలో ఉన్నదే. రెటీనా మధ్యభాగం కాస్త మందంగా ఉండటమూ అంతే. మిషన్ పోల్చేదేమో మామూలు జనం లెక్కలతో, అందుకే తేడా ఉన్నట్టు రిపోర్టులో రంగులు మారతాయి. రిస్కు సంగతికి ఫోటోనే అక్కర్లేదు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ తయారయ్యే ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉంది, వీళ్లకి ఆ క్రోమోజోమే మూడు కాపీలు, కాబట్టి జన్యువూ మూడే. 40 ఏళ్లకల్లా దాదాపు అందరి మెదడులో అల్జీమర్స్ మార్పులు మొదలై ఉంటాయి. కంటి నాళాలు చూసి ఎవరికి, ఎప్పుడు మతిమరుపు వస్తుందో చెప్పడం ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఆ డబ్బుతో థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి, చెవులు చూపించండి, నిద్రలో గురక, ఊపిరి ఆగడం ఉంటే చెప్పండి. మతిమరుపులా కనిపించేవాటిలో బాగుచేయగలిగినవి ఇక్కడే దొరుకుతాయి. 35 ఏళ్లలోపే ఏ పనులు సొంతంగా చేసుకుంటారో నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. రోజూ తనే టీ పెట్టుకునే మనిషి పాలు ముందా, పొడి ముందా అని ఆగిపోతుంటే, ఆ సంగతి ఏ స్కాన్‌లోనూ పడదు. 40 దాటాక మొదటిసారి ఫిట్స్ వస్తే న్యూరాలజిస్ట్ దగ్గరికే వెళ్లాలి.

కంటికోసం అయితే స్కాన్ చేయించదగ్గదే. ప్రింటుతో సరిపెట్టుకోకుండా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అడగండి. మళ్లీ పోల్చేటప్పుడు అదే మిషన్, స్కాన్ చేసే చోటూ అదే సైజు కావాలి, 3 మి.మీ. స్కాన్‌ని 6 మి.మీ. స్కాన్ పక్కన పెడితే లెక్క కుదరదు.