జోర్డాన్ కోసం కూర్చున్నాం, పిప్పెన్ దగ్గర ఆగిపోయాం

బరంపురంలో సాయంత్రాలు ఎనిమిది మంది ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తుంటాను. మాది సిమెంటు కోర్టు. 2013లో ఫైలిన్ తుపానుకి ఒక వైపు బోర్డు విరిగిపోయింది. అప్పట్నించీ మా ఆటంతా సగం కోర్టులోనే. మొన్న వానలకి ఆ సగం కూడా పాచి పట్టి జారుతోందని పిల్లల్ని ఇంటికి పిలిచి, నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది లాస్ట్ డ్యాన్స్’ అనే డాక్యుమెంటరీ సిరీస్ పెట్టాను. పది ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. రోజుకి రెండు చొప్పున అయిదు సాయంత్రాలు పట్టింది.

2020లో వచ్చిన సిరీస్ ఇది, దర్శకుడు జేసన్ హేహిర్. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ అమెరికా లీగ్‌లోని షికాగో బుల్స్ టీంకి ఆడిన ఆఖరి సీజన్, అంటే 1997-98, దీనికి వెన్నెముక. ఆ ఏడాదంతా కెమెరా వాళ్లని లాకర్ రూంలోకి, బస్సులోకి, ప్రాక్టీసుకి రానిచ్చారు. తీసిన ఫిల్ము దాదాపు ఇరవై ఏళ్లు మూలనపడి ఉంది, జోర్డాన్ సరేనన్నాకే బయటికొచ్చింది.

కథ మాత్రం ముందుకీ వెనక్కీ తెగ గెంతుతుంది. 1998లో ఉన్నామనుకునేలోపు 1984కి పోతుంది. పిల్లలు తికమకపడుతుంటే వరండా గచ్చు మీద సుద్దముక్కతో సంవత్సరాలు వరసగా రాసిపెట్టాను. బుల్స్ లీగ్ కప్పు గెలిచిన ఏళ్లకి సున్నా చుట్టాం: 1991, 92, 93, మళ్లీ 96, 97, 98. మధ్యలో ఖాళీ ఎందుకొచ్చిందో పిల్లలకి ఏడో ఎపిసోడ్‌లో అర్థమైంది. 1993లో జోర్డాన్ వాళ్ల నాన్నని చంపేశారు. అతను బాస్కెట్‌బాల్ వదిలేసి బేస్‌బాల్ ఆడటానికి వెళ్లిపోయాడు. ఆ ఎపిసోడ్ చివర్లో, తోటి ఆటగాళ్లని అంతలా ఎందుకు తిట్టేవాడో చెబుతూ చెబుతూ జోర్డాన్ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇక చాలు, ఆపమని కుర్చీలోంచి లేచిపోతాడు. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

నేను మాత్రం జోర్డాన్ తోటి ఆటగాడు స్టీవ్ కెర్ కోసం మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ప్రాక్టీసులో జోర్డాన్ అతని మొహం మీద గుద్దాడు. కన్ను కమిలిపోయింది. తర్వాత ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో స్కోరు సమానంగా ఉండి, సెకన్లు మాత్రమే మిగిలినప్పుడు ఆ కెర్‌కే జోర్డాన్ బంతి అందించాడు. అంతకుముందు ఆట ఆపి తీసుకున్న టైమవుట్‌లో ఇద్దరూ మాట్లాడుకోవడం కూడా కెమెరాలో ఉంది: నా మీదికి ఇద్దరొస్తారు, నువ్వు రెడీగా ఉండు అని. కెర్ వేశాడు, పడింది. కెర్ నాన్నని కూడా 1984లో బీరూట్‌లో కాల్చి చంపారు. ఒకే దుఃఖం మోసిన ఆ ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదట. కెర్ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచడు, తగ్గించడు. పది ఎపిసోడ్లలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

నేనూ బంతి అందించే పనే చేసినదాన్ని. కాలేజీ రోజుల్లో పాస్ ఒకటి తప్పిందని మా కెప్టెన్ అందరి ముందూ “రేపట్నించి రాకు” అంది. రెండు రోజులు గ్రౌండ్ వైపు వెళ్లలేదు. అందుకే టీంలోని స్కాట్ బరెల్‌ని జోర్డాన్ అదే పనిగా ఏడిపించే చోట పిల్లలు నవ్వుతుంటే ఆపి మాట్లాడాల్సి వచ్చింది. గెలవాలంటే ఇలాగే ఉండాలేమో అన్నట్టు సిరీస్ ఆ భాగాన్ని వదిలేస్తుంది. నేను ఒప్పుకోను. నిర్మాణంలో జోర్డాన్ సొంత కంపెనీకి కూడా భాగం ఉంది. ఆ మొగ్గు చూసేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది.

అదే టీంలోని స్కాటీ పిప్పెన్ విషయంలో మరీ తెలుస్తుంది. ఇతను పన్నెండు మంది పిల్లల్లో ఆఖరివాడు. ఇంట్లో నాన్నా, ఒక అన్నా ఇద్దరూ చక్రాల కుర్చీలోనే. తనకి దెబ్బ తగిలితే ఇంటిల్లిపాదీ ఏమైపోతారోనని 1991లో దీర్ఘకాలపు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాడు. తర్వాత ఆటగాళ్ల జీతాలు ఆకాశాన్నంటాయి. 1998 నాటికి టీంలో రెండో గొప్ప ఆటగాడు, జీతంలో టీంలో ఆరోవాడు, లీగ్ మొత్తంలో 122వ వాడు. జోర్డాన్‌కి ఆ ఏడాది 3 కోట్ల డాలర్లు దాటింది, ఇతనికి 30 లక్షలు కూడా లేదు. పిప్పెన్ కోపంతో ఆపరేషన్ ఆలస్యం చేయించుకుంటే, అది స్వార్థమని జోర్డాన్ అంటాడు. అక్కడే నాకు గుచ్చుకుంది. ఆ మాట అనే హక్కు అందరికంటే తక్కువ ఉన్నది జోర్డాన్‌కే.

మా పిల్లల్లో ఇద్దరి నాన్నలు సూరత్‌లో పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తున్నారు. మా గంజాం జిల్లాలో ఇది ఇంటింటి సంగతే. ఇల్లు గడవాలి కాబట్టి ఎంతిస్తే అంతకి ఒప్పుకోవడం అంటే ఏమిటో వాళ్లకి నేను విప్పి చెప్పక్కర్లేదు.

ఆఖరి రోజు 1998 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చూశాం. 5.2 సెకన్లు ఉండగా జోర్డాన్ షాట్, 87-86తో బుల్స్ గెలిచింది. ఆ మ్యాచ్‌లో పిప్పెన్ నడుము నొప్పితో అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయినా ఆడాడు. అందరూ చప్పట్లు కొట్టాక, వాళ్లలో అందరికంటే చిన్నది అడిగింది: “అక్కా, పిప్పెన్‌కి తర్వాతైనా జీతం పెంచారా?”

పెరిగింది, కానీ షికాగోలో కాదు, హ్యూస్టన్ టీంకి వెళ్లాక అని చెప్పాను. చెప్పులు వేసుకుని గేటు దాటేదాకా దాని గురించే మాట్లాడుకుంటూ వెళ్లారు.