కాంపారి: నెగ్రోనీ ఒక్కదానితో ఆగని సీసా

1860లో ఇటలీలోని నొవారాలో గస్పారే కాంపారి తయారుచేసిన ఎర్రటి చేదు మద్యం ఇది. నాలుక మీద ముందు నారింజ తీపి తగులుతుంది, వెనకే చేదు దిగి చాలాసేపు నిలుస్తుంది. జతగా ఏం పోసినా తన రుచి వదలదు. అందుకే నెగ్రోనీ అనే కాక్‌టెయిల్‌ని ఎన్ని రకాలుగా మార్చాలన్నా దీన్నే కొనమంటాను. చిక్కల్లా కొలతలతోనే: మార్చకపోతే పక్కనున్నవాటిని మింగేస్తుంది.

నెగ్రోనీ అసలు లెక్క జిన్, కాంపారి, తీపి వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్) 30 మి.లీ. చొప్పున. 750 మి.లీ. సీసాకి 25 గ్లాసులు వస్తాయి. జునిపర్ కాయల ఘాటున్న లండన్ డ్రై జిన్‌కి ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. పూల వాసనల సున్నితమైన జిన్ అయితే 45 పోసి, మిగతా రెండూ 25కి తగ్గించండి. లేకపోతే ఆ జిన్‌కి పెట్టిన డబ్బు వృథా.

జిన్ బదులు బోర్బన్ అనే అమెరికన్ విస్కీ పోస్తే బూలవార్డియర్. దీనికి బోర్బన్ 45, కాంపారి 30, వెర్మూత్ 30. మూడూ సమానంగా పోస్తే విస్కీ ఆనవాలే ఉండదు. తీపి ఎక్కువనిపిస్తే రై విస్కీకి మారండి. మెక్సికోలో అగావే మొక్కతో చేసే మెజ్కాల్ వాడితే మాత్రం మొదట 15 చాలు, మిగతా 15 జిన్. దాని పొగ వాసన త్వరగా పైకొచ్చేస్తుంది.

మిలాన్‌లోని బార్ బాస్సోలో పుట్టిన స్బల్యాటోలో జిన్ స్థానంలో మెరిసే వైన్ పోస్తారు. ఇటలీ మెరిసే వైన్ ప్రొసెక్కోలో తీపి తక్కువున్న బ్రూట్ రకం మేలు. కాంపారి, వెర్మూత్ ఐస్‌తో ముందే తిప్పి చల్లార్చి, బాగా చల్లబరిచిన వైన్ చివర్లో మెల్లగా పోసి, స్పూన్‌తో ఒక్కసారి పైకి లేపితే చాలు. ఎక్కువ కలిపితే బుడగలు పోతాయి.

మిగతావన్నీ పెద్ద ఐస్ ముక్కలతో 20–25 సెకన్లు తిప్పాల్సినవే. షేకర్‌లో ఊపితే గాలి చేరి మసకబారుతుంది, నీళ్లూ ఎక్కువవుతాయి. నారింజ తొక్కని గ్లాసు మీద పిండి నూనె పడేలా చూడండి, తెల్లటి లోపలి పొర లేకుండా కోయండి.

"కాంపారి మరీ చేదు" అనేవాళ్లు ముందు వెర్మూత్ సీసా చూసుకోవాలి. అది వైన్. మూత తీశాక బయట ఉంచితే కొన్ని వారాల్లోనే తీపి, సువాసన చప్పబడి చేదు ఒక్కటే పైకి తేలుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు వాడేయండి. కాంపారికి ఆ బెడద లేదు, అలమారలో ఉంచినా చాలు.

అయినా చేదు పడకపోతే కాంపారి బదులు అపెరోల్ అనే ఇటలీ నారింజ లిక్కర్ వాడొచ్చు. దానిలో ఆల్కహాల్ 11 శాతమే, తీపి ముందుకొస్తుంది. కాబట్టి జిన్ 45, అపెరోల్ 30, వెర్మూత్ 20.